ప్యాకెట్లో ఆటగాడు

“ఒకసారి ఇంటికి రారా” అని అక్క ఫోన్ చేసింది. గొంతులో ఏదో తేడా. వెళ్లేసరికి మేనల్లుడు తలొంచుకుని కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి. వాళ్లమ్మ ఫోన్లోంచి మూడు వారాల్లో 1800 రూపాయలు పోయాయి. ఒక్కసారిగా కాదు, వందా, రెండొందలూ చొప్పున. కుట్టుమిషను మీద సంపాదించిన డబ్బులవి.

“ఏం కొన్న్యావురా?”

“ప్యాక్ మామా. అందులో ఆటగాళ్లు ఉంటారు. ఎవరొస్తారో తెరిస్తేగానీ తెలీదు. మంచోడొస్తాడేమోనని...”

కోప్పడదామని వెళ్లినవాణ్ని, నోరు రాలేదు. ఆటల పిచ్చి వాడికి అంటించింది నేనే మరి.

మా కాలంలో చంద్రగిరి బస్టాండు దగ్గర ఓ నెట్ సెంటరుండేది. నాలుగు కంప్యూటర్లు, గంటకు 15 రూపాయలు. ‘ఈఏ స్పోర్ట్స్’ వాళ్ల క్రికెట్ 07 అక్కడే పరిచయం. 2006 చివర్లో వచ్చిన ఆట. రిచీ బెనో, మార్క్ నికొలస్‌ల వ్యాఖ్యానం మాకు కంఠతా వచ్చేసింది. లైసెన్సు లేక మనవాళ్ల పేర్లు తప్పుగా ఉంటే, అభిమానులెవరో తయారుచేసిన ప్యాచ్‌లు వేసి సరిచేసుకునేవాళ్లం. కరెంటు పోతే కోట దాకా నడిచి, రాజమహల్ ఎదుట గడ్డిలో కూర్చుని ఓడిన మ్యాచ్ గురించి తగువులాట. తర్వాత తిరుపతిలో 50 రూపాయలు పెట్టి నేనూ సీడీ కొన్నాను. దొంగ కాపీయేనని ఒప్పుకోవాలి. ఆ ఆటతోనే కంపెనీ క్రికెట్‌కు దణ్ణం పెట్టేసింది. మాలాంటివాళ్ల పుణ్యమేనేమోనని ఇప్పటికీ అనుమానం.

వాళ్లు వదలనిది ఫుట్‌బాల్. 1993లో మొదలైన ‘ఫిఫా’ ఏటా ఒకటి వచ్చేది. 2009లో అందులోకి ‘అల్టిమేట్ టీం’ వచ్చింది. డబ్బు కడితే ఆటగాళ్ల కార్డులుండే ప్యాకెట్లు. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలొచ్చేవి చూడండి, అదే వాటం. కాకపోతే ఒకే బొమ్మ నాలుగుసార్లొచ్చినా మాకు నమలడానికి బబుల్‌గమ్ అయినా మిగిలేది. 2021 మార్చితో ముగిసిన ఏడాదిలో ఆ సంస్థ రాబడిలో నాలుగో వంతుకు పైగా, అంటే సుమారు 160 కోట్ల డాలర్లు, ఈ అల్టిమేట్ టీంల నుంచే వచ్చాయి. ఇక ఆట బాగుచేయాలని ఎవరికి తొందర? నింటెండో స్విచ్‌కు ఫిఫా 20 నుంచి 23 దాకా ‘లెగసీ ఎడిషన్’ పేరుతో అమ్మింది పాత ఆటనే. జెర్సీలు, జట్లు మార్చారంతే. బెల్జియం 2018లో ఇలాంటి ప్యాకెట్లను జూదంగా లెక్కగట్టాక, 2019లో అక్కడ వాటికోసం పాయింట్లమ్మడం ఆపారు. 2023లో ‘ఫిఫా’ పేరు పోయి ‘ఎఫ్‌సీ’ అయింది. ప్యాకెట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మావాడు ఆడింది వాళ్లది కాదు, ఫోన్లో ఉచితంగా దొరికే మరోటి. ఉచితమే, తెరవడానికి.

మొన్న ఆదివారం మా ఇంట్లో పాత కంప్యూటర్ దుమ్ము దులిపి క్రికెట్ 07 పెట్టిచ్చాను. “ఏంది మామా, మొహాలు చెక్కబొమ్మల మాదిరి ఉండాయి” అని నవ్వాడు. రెండు గంటలైనా అన్నానికి లేవలేదు. తొంభై ఆరు మీద ఔటై, మంచి బ్యాట్స్‌మన్‌ను కొనేదానికి లేదా అనడిగాడు. లేదన్నాను. మళ్లీ టాస్ వేశాడు.

అక్క మాత్రం బాకీ మాఫీ చేయలేదు. సాయంత్రాలు జాకెట్లకు హుక్కులు కుట్టిస్తోంది, జాకెట్‌కు ఐదు రూపాయల లెక్కన. ఇప్పటికి 140 తీరింది.