తొండానికి ఎముక లేదు

కొమరాడ, కురుపాం వైపు ఏనుగుల గుంపు దిగిందంటే రైతులకు కంటిమీద కునుకుండదు. ఒడిశా అడవుల నుంచి వచ్చి అరటీ, చెరకూ, వరీ తొక్కేస్తాయి. రాకాసి బొమ్మల్లా గీసిన డైనోసార్లను చూసినప్పుడల్లా నాకు ఈ ఏనుగులే గుర్తొస్తాయి. మనిషి ఏనుగును ఎన్నడూ చూడకుండా ఒట్టి పుర్రె మాత్రమే దొరికి ఉంటే ఏం గీసేవాడు?

ఆ పుర్రెకు ముఖం నడుమ ఒక పెద్ద రంధ్రం. అది ముక్కు. మధ్యధరా దీవుల్లో దొరికిన మరుగుజ్జు ఏనుగుల పుర్రెల్లో ఆ రంధ్రాన్ని కన్నుగా పొరబడి గ్రీకులు ఒంటికన్ను రాక్షసుణ్ణి ఊహించారని శిలాజ శాస్త్రవేత్త ఒథేనియో ఆబెల్ 1914లో ప్రతిపాదించాడు. ఆ సంగతి ఎలా ఉన్నా, శరీర నిర్మాణం తెలిసినవాళ్లు నరం వెళ్లే దారి వెడల్పు చూసి అక్కడ చురుకైన కండ ఏదో ఉండేదని పట్టుకోగలరు. అది నేలకు తాకేంత పొడవనీ, మన ఏనుగుకైతే కొసన ఒక వేలు, ఆఫ్రికా ఏనుగుకు రెండు ఉంటాయనీ ఎముక చెప్పదు.

టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చే గూడబాతుల సంగతీ అంతే. కింది దవడ రెండు సన్నటి ఎముకలు, మధ్యలో ఖాళీ. చేపలు పట్టే సంచీ, ముక్కు మీది చుక్కలూ చచ్చాక మిగలవు.

ఎడ్మంటోసారస్ అనే డైనోసార్‌కు 1917లో పేరు పెట్టారు. దాని తలమీద కోడిజుట్టు లాంటి మెత్తటి కండ ఉండేదని 2013లో గానీ తేలలేదు. కెనడాలో ఒక శిలాజంలో ఆ మెత్తటి భాగం అచ్చుపడి ఉండబట్టి తెలిసింది. అప్పటిదాకా వేసిన బొమ్మలన్నీ బోడితలలే. ఎముకలకు చర్మం అతికించినట్టు గీసే బక్క బొమ్మలు అందుకే నాకు మింగుడుపడవు. జాగ్రత్తగా గీసినట్టు కనిపిస్తాయి గానీ, కొవ్వు లేదనడం కూడా ఊహే కదా.

మన దగ్గరి ఉదాహరణ కోటసారస్. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర బయటపడిన ఈ శాకాహార డైనోసార్‌కు పి. యాదగిరి 1988లో పేరు పెట్టారు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు దొరికాయి. తల భాగంలో మాత్రం రెండు పళ్లే. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన ఆ అస్థిపంజరం ముందు నేను మనస్ఫూర్తిగా తలవంచుతాను. కాళ్ల బరువూ, ఒంటి పొడవూ అక్కడ నిజంగా ఉన్నాయి. మా శ్రీకాకుళం, విజయనగరం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లే టీచర్లు దాని తల చూపించే ముందు ఆ రెండు పళ్ల సంగతి చెప్పాలి.