బతికినవాళ్ళ కోట

కోట అనగానే మనకి బురుజులూ, ఫిరంగులూ, మీసం మెలేసిన వీరులూ కళ్ళముందు కదులుతారు. ఆ కోటలో అన్నం ఎవరు వండారో, గాయాలకి కట్లు ఎవరు కట్టారో ఎవరికి కావాలి? జపాన్‌లో ఉన్న మా తమ్ముడు ఐజు వాకామత్సు అనే ఊళ్ళో సమురాయ్‌ల కోట చూపిస్తానంటే, నేనూ మావారూ ఆ బురుజుల కోసమే బయల్దేరాం.

తెల్లటి గోడలు, ఎర్రటి పెంకులు, అంతస్తు మీద అంతస్తు. ఎంత ముచ్చటగా ఉందో! తీరా లోపలికి వెళితే కాంక్రీటు మెట్లు, అద్దాల బీరువాలు. 1868లో చక్రవర్తి పక్షం సేనలు ముట్టడిస్తే, అసలు కోట నెల్లాళ్ళు నిలిచి లొంగిపోయిందట. 1874లో కూల్చేశారు. ఇప్పుడున్నది 1965లో మళ్ళీ కట్టింది.

"మన వైజాగు హార్బరు దీనికంటే పాతది కదోయ్!" అన్నారు మావారు.

నాకు నవ్వు రాలేదు. శత్రువులు ఊళ్ళోకి వచ్చిన రోజున, సైగో తనోమో అనే పెద్ద అధికారి ఇంట్లో బంధువులతో సహా 21 మంది ప్రాణాలు వదిలారని అప్పుడే విన్నాను. ఎక్కువమంది ఆడవాళ్ళూ, పిల్లలూనే. పసివాళ్ళని తల్లే చంపి, తనూ చచ్చిపోయింది.

మన బొబ్బిలి గుర్తొచ్చింది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులకి మట్టికోట నిలవదని తేలాక, మగవాళ్ళు తమ ఆడవాళ్ళనీ, పిల్లల్నీ తమ చేతులతోనే చంపుకుని కత్తి పట్టారు. బొబ్బిలిలో ఇప్పుడు మనం చూసే కోట కూడా ఆ తర్వాత కట్టిందే. 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమా చిన్నప్పుడు టీవీలో చూసి, మల్లమ్మగా వేసిన భానుమతి గారి కోసం నేను ఏడవని ఏడుపు లేదు.

ఊరొచ్చాక ఈ కథలన్నీ మాకు చేపలు తెచ్చే జాలరిపేట ఆవిడకి చెప్పాను. వాకిట్లో కూచుని వంజరం ముక్కలు కోస్తూ విన్నది.

"అయితే అమ్మా, నాను సావనన్న ఆడది ఒక్కతీ నేదేటి?" అంది. "మా ఆయన యేటకెళ్ళి రానేదు. నానూ పోతే ముగ్గురు పిల్లలికి కూడెవుడెడతాడు?"

ఉంది. యమమోతో యాయే. జుట్టు కత్తిరించుకుని, యుద్ధంలో పోయిన తమ్ముడి బట్టలు తొడుక్కుని, తుపాకీ పట్టి ఆ కోటలోనే పోరాడింది. తక్కిన ఆడవాళ్ళు అన్నాలు వండారు, కట్లు కట్టారు, పడ్డ ఫిరంగిగుళ్ళు పేలకుండా తడి బొంతలు కప్పారు. కోట లొంగింది గానీ యాయే బతికింది. పెళ్ళి చేసుకుంది, తర్వాతి యుద్ధాల్లో నర్సుగా పనిచేసింది, 1932 దాకా జీవించింది.

పరువు కోసం పోయిన ప్రాణాలకి చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఆ పరువు ఎవరిదో, చావమన్నది ఎవరో, ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారో లేదో అని ఇప్పుడు అనిపిస్తుంది. చావుకి ఒక్క పూట ధైర్యం చాలు. బతకడానికి రోజూ తెల్లారేసరికి కావాలి.

మా అమ్మాయికి మల్లమ్మ కథతో పాటు యాయే కథ కూడా చెప్పాను. గంప మోసే ఆవిడ కథ మటుకు ఆవిణ్ణే అడిగి వినమన్నాను.