చపలము

పాదరసానికి అమరసింహుడు చెప్పిన పేర్లలో ‘చపలము’ ఒకటి. రసము, సూతము, పారదము అనే తక్కిన పేర్లకన్నా నాకు ఇదే నచ్చుతుంది. కుదురులేని పిల్లవాణ్ణి మనవాళ్ళు ‘పాదరసం’ అంటారు. ఆ మాటా ఈ పేరూ ఒకే గుణాన్ని పట్టుకున్నాయి. పళ్ళెంలో పోస్తే ఒకచోట నిలువదు. వేలితో అదిమితే పది పూసలై పరుగెత్తుతుంది. గాజుకు అంటదు. ఈ చాపల్యాన్నే కొలువులో పెట్టుకొని విద్యుత్తు తెలిసినవారు దశాబ్దాల తరబడి పని చేయించుకున్నారు.

ఏర్పాటు అతిసులభం. చిన్న గాజుగొట్టం, అందులో ఒక లోహబిందువు, ఒక కొసన రెండు తీగలు. గొట్టం అటు వంగితే బిందువు జారివచ్చి రెండు తీగలనూ కలుపుతుంది, కరెంటు పారుతుంది. ఇటు వంగితే తెగిపోతుంది. మామూలు స్విచ్చిలో లోహపు ముక్కలు తాకి విడిపోయినప్పుడల్లా రవ్వ లేచి వాటి ముఖాలు కాలి గరుకెక్కుతాయి. ద్రవానికి ఆ బాధ లేదు. ప్రతి కలయికలోనూ దాని ముఖం కొత్తదే!

ఆ ముఖాన్ని ముందుగా నమ్మినవారిలో జగదీశచంద్ర బోసు ఒకడు. ఇనుముకూ పాదరసానికీ నడుమ పల్చని నూనెపొర ఉంచి, విద్యుత్తరంగం సోకగానే కరెంటుకు దారి ఇచ్చి, మరల తనంత తానే పూర్వస్థితికి వచ్చే పరికరాన్ని ఆయన 1899లో లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ ఆవలినుండి వచ్చిన సంకేతాన్ని మార్కొనీ విన్నది ఆ జాతి పరికరంతోనే. కీర్తి ఎవరికి దక్కిందో చదువరులకు తెలిసినదే.

మా కాజీపల్లివంటి పారిశ్రామికవాడలో ఈ బిందువుకు మరొక ఉద్యోగం ఉండేది. పెద్ద ట్రాన్స్‌ఫార్మరుకూ దాని నెత్తిమీది నూనె తొట్టెకూ నడుమ గొట్టంలో ఒక చిన్న ఇనుప పెట్టె ఉంటుంది. జర్మనీకి చెందిన మాక్స్ బుఖ్‌హోల్ట్స్ 1921లో రూపొందించిన రిలే అది. లోపల చుట్టలో ఎక్కడైనా దోషం పుడితే నూనె కాగి వాయువు బుడగలుగా పైకి వస్తుంది. పెట్టెలో వాయువు చేరేకొద్దీ నూనె దిగుతుంది, బెండు వంగుతుంది, దానికి కట్టిన పాదరసపు గొట్టమూ వంగి గంట మోగిస్తుంది. దోషం పెద్దదైతే నూనె ఒక్క ఉదుటున తోసుకువచ్చి రెండవ గొట్టాన్ని వంచుతుంది. ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు ఆగిపోతుంది. ఇప్పటి రిలేలలో ఆ స్థానాన్ని అయస్కాంతంతో పనిచేసే రీడు స్విచ్చిలు ఆక్రమించాయి.

అట్లాంటి గొట్టాన్నొకదాన్ని, నేను తెలుగు చెప్పే రోజుల్లో, తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు జేబులో వేసుకొని బడికి తెచ్చాడు. తండ్రి ఫ్యాక్టరీలో కరెంటు పనివాడు. టార్చి బల్బుకు తగిలించి, వంచుతూ ఎత్తుతూ వెలిగించి చూపాడు. నేను సంబరపడి ‘చపలము’ను నల్లబల్లమీద వ్రాశాను. వెనుక బెంచీ నుండి “పగులగొట్టి జూద్దాం సార్!” అన్న కేక వచ్చింది. సైన్సు మాస్టారు పరుగున వచ్చి గొట్టాన్ని గుడ్డలో చుట్టి తీసుకున్నారు. కంటికి కనబడకుండా గదివేడికే ఆవిరై ఊపిరిలోకి పోతుందనీ, చెరువు బురద చేరితే సూక్ష్మజీవులు దాన్ని మరింత విషంగా మార్చి చేపలకు పెడతాయనీ ఆయన మినమాట కథ చెప్పారు. 1956లో జపానులో బయటపడిన ఆ వ్యాధి ఊరి పేరే తరువాత ఒప్పందానికీ వచ్చింది: 2013లో దేశాలు అంగీకరించిన మినమాట ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. కొన్ని మినహాయింపులూ గడువు పెంపులూ పోగా, పాదరసపు స్విచ్చిల తయారీ 2020తో ఆగాలన్నది అందులోని నియమం.

చపలము దిగిపోయిన కొలువుకు గాలియం వస్తున్నది. దాదాపు ముప్పై డిగ్రీలకే కరిగే లోహం అది. నాలుగింట మూడు వంతులు గాలియం, ఒక వంతు ఇండియం కలిపితే పదహారు డిగ్రీల దగ్గరే ద్రవమౌతుంది. ఆవిరి దాదాపు వదలదు. కరెంటును పాదరసంకన్నా మూడు రెట్లు బాగా పారనిస్తుంది. అయితే స్వభావం పూర్తిగా వేరు. గాలి తగలగానే పాలమీది మీగడలా సన్నని ఆక్సైడు పొర కట్టుకొని, తాకినదానికల్లా అంటుకొంటుంది. స్విచ్చికి ఇది లోపమే. మెత్తని సర్క్యూటుకు మాత్రం వరం. రబ్బరులో సన్నని కాలువ తొలిచి ఈ ద్రవం నింపితే, రబ్బరును సాగదీసినా తీగ తెగదు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో మైకేల్ డికీ బృందం 2008 నుండి ఈ మీగడ గుణాన్నే వాడుకుంటున్నది. ఒక వోల్టు పాటి ఒత్తిడితో ఆ పొరను కట్టించీ విడిపించీ, బిందువును పరచవచ్చుననీ మరల ముద్ద చేయవచ్చుననీ 2014లో చూపింది.

అదే 2014లో మా కాజీపల్లి చెరువు గురించి స్వీడన్ పరిశోధకులు ఒక పత్రం ప్రచురించారు. మందులకు లొంగని జన్యువులు అందులోని సూక్ష్మజీవులలో పుష్కలంగా ఉన్నాయని తేల్చారు. రోగం కుదిర్చే మందే చెరువులో పడి ఇంత చేసిందని చూసినవాణ్ణి కనుక, ఏ కొత్త ద్రవాన్ని పొగిడినా, పని తీరిన తరువాత అది పోయే చోటు ఏదని అడగడం నాకు అలవాటైంది.

ఆనాటి పిల్లవాడు ఇప్పుడు తండ్రి పనే చేస్తున్నాడు. పాత రిలేలు ఏమౌతాయని మొన్న అడిగాను.

“పాత సామాను కొట్టుకు తూకానికి పోతయ్ సార్. ఇనుము తీస్కుంటరు, రాగి తీస్కుంటరు.”

“గాజుగొట్టం?”

“అది ఎవలు తీస్కుంటరు సార్?”