కొక్కెం దేనికి తగిలించావు?

రెండు మడమలూ వాచిపోయి స్ట్రెచర్ మీద వచ్చాడు ఆ తాపీ మేస్త్రీ. "కాళ్లకు కట్టేసి పంపెయ్యండి బాబూ, రేపు పనుంది" అన్నాడు. నేను అతని నడుము కిందకి చెయ్యి పోనిచ్చి, పక్కటెముకలు అయిపోయే చోట మెల్లగా నొక్కాను. కెవ్వుమన్నాడు.

నిలువుగా పడ్డవాడి దెబ్బ మడమతో ఆగదు. మోకాళ్లు, తుంటి మీదుగా పైకెక్కి, వీపూ నడుమూ కలిసే చోట వెన్నుపూసను చిదిమేస్తుంది. మడమ సలుపులో మనిషికి నడుము నొప్పి తెలియదు. ఇతనికి నడుములో మొదటి పూస చితికింది. నరాలు దెబ్బతినలేదు. తోటివాళ్లు చేతులొకరు, కాళ్లొకరు పట్టుకుని ఆటోలో కుదేసి తెచ్చారని విన్నాక, ఆ నరాలు ఎలా మిగిలాయో అనుకున్నాను. పడినవాణ్ణి కదపకుండా 108 కోసం ఆగండయ్యా అని ఎందరికి చెప్పానో!

"పదడుగులేగా" అంటారు చాలామంది. పదడుగుల నుంచి పడితే నేలను తాకేసరికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. ఇతను పడింది రెండో అంతస్తు నుంచి.

బట్టలు కత్తిరిస్తుంటే నడుముకు సేఫ్టీ బెల్టు కనిపించింది. కొత్తది. కొక్కేనికి జనపనార తాడు ముక్క ఇంకా వేలాడుతోంది.

"దేనికి తగిలించావు?"

"పరంజా బాదుకే బాబూ. కట్టు ఊడి బాదు వచ్చేసింది, దాంతో నేనూ."

బెల్టు ఇచ్చామని బయట సూపర్‌వైజరు అంటున్నాడు. ఇచ్చారు, నిజమే. దాన్ని తగిలించడానికి తలకన్నా ఎత్తులో, పిల్లరుకు బిగించిన గట్టి తాడు ఎక్కడుంది? పైగా నడుముకు చుట్టే బెల్టయితే, ఆగినప్పుడు ఆ కుదుపంతా పొట్ట మీదే పడుతుంది. భుజాలనూ తొడలనూ కలిపి పట్టే హార్నెస్ కావాలి. భవన నిర్మాణ కార్మికుల భద్రత యజమాని బాధ్యతేనని 1996లోనే చట్టం వచ్చింది. నేను మాత్రం ఇప్పటికీ పూసలకు స్క్రూలు బిగిస్తూనే ఉన్నాను. నాకు కోపం వస్తుంది.

మూడు నెలలకు కర్ర పట్టుకుని, భార్యతో వచ్చాడు. ఆ బెల్టేమైందని అడిగాను.

"తమ్ముడు కట్టుకుంటున్నాడు బాబూ. అదే బిల్డింగు."

"కొక్కెం?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓపీ ఆపి, సూపర్‌వైజరు నంబరు ఇమ్మన్నాను.