సిగ్నల్ లేని ఊరి నుంచి ఒక ప్రశ్న



నేను రామంతాపూర్ హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. పోయిన ఆదివారం తార్నాకలో ఉండే సీనియర్ అన్న డెవలపర్ల మీటింగ్‌కు తీసుకుపోయిండు. ఆఫీసోళ్లు కలిసి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ల ముచ్చట. అంతా ఇంగ్లీషే. భయపడి వెనక వరసలో కూసున్నా.

ఒక సార్ లోటస్ నోట్స్ గురించి చెప్పిండు. రే ఓజీ ఇల్లినాయ్ యూనివర్సిటీలో చదివేటప్పుడు అక్కడి ప్లేటో నోట్స్ చూసిండట. ఆ ఆలోచనతోనే 1989లో లోటస్ నోట్స్ వచ్చింది. 2019 నుంచి అది మన దేశపు హెచ్‌సీఎల్ చేతిలో ఉంది. దాంట్లో గొప్ప సంగతి ఏందంటే, కాపీ మన కంప్యూటర్‌లోనే ఉంటది. నెట్ లేకున్నా రాసుకోవచ్చు. నెట్ దొరికినప్పుడు రెండు కాపీలు మార్పులు ఇచ్చిపుచ్చుకుంటయి.

నాకు నిరుడు యాదికొచ్చింది. ఊర్లో స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే సిగ్నల్ పోయి నింపిందంతా పోయింది. గుట్టెక్కి మళ్లీ నింపేసరికి ఆఖరి తేదీ దాటింది. ఇన్నాళ్లూ అది నా తప్పే అనుకున్నా.

లేచి తెలుగులోనే అడిగిన: "సార్, ఫారాలు కూడా ఇట్ల చేయొచ్చు కదా?"

"చేయొచ్చు తమ్మీ. చేసేటోళ్లకు మీ ఊరు తెల్వదు," అన్నడు.

మనకు తెలుసు కదా. సెలవుల్లో అసొంటి చిన్న ఫారం ఒకటి రాసి మా ఊర్లో చూస్తా. కోడింగ్ నేర్చుకుంటున్న అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు తోడు రండి.