ఆరేళ్ల కిరీటం

దేశమైతే పుట్టింది. జెండా ఉంది, ప్రభుత్వం ఉంది. తనదంటూ డబ్బు మాత్రం లేదు. 1939 మార్చి 14న చెకొస్లొవేకియా నుంచి విడిపోయిన స్లొవేకియా పరిస్థితి అది. స్వాతంత్ర్యం అన్నది పేరుకే. వెనకుండి నడిపించింది హిట్లర్. ఆ మర్నాడే జర్మన్ సేనలు ప్రాగ్‌లోకి వచ్చేశాయి.

మూడు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ 4న, స్లొవాక్ నేషనల్ బ్యాంకు వెలిసింది. పాత చెకొస్లొవాక్ కొరునా స్థానంలో స్లొవాక్ కొరునా వచ్చింది. ఒకటికి ఒకటి లెక్క. కొరునా అంటే కిరీటం. నూరు హాలియర్లయితే ఒక కొరునా. కొత్త నోట్లు అచ్చయ్యేదాకా సంతలూ జీతాలూ ఆగవు కదా! అందుకని 100, 500, 1000 కొరునాల పాత నోట్ల మీదే 'స్లొవాక్ రాజ్యం' అని ముద్ర కొట్టి చలామణీలో పెట్టేశారు. నిన్నటిదాకా ఒక దేశానిదైన కాగితం ఇవాళ మరో దేశానిదైపోయింది.

నాణేల విషయంలో మాత్రం అదృష్టం కలిసొచ్చింది. 1328 నుంచీ నాణేలు ముద్రిస్తున్న క్రెమ్నిత్సా టంకశాల స్లొవేకియాలోనే ఉంది. నికెల్‌తో చేసిన అయిదు కొరునాల నాణెం మీద జాతీయ నాయకుడు ఆంద్రేయ్ హ్లింకా బొమ్మ వేశారు. ఇరవై కొరునాల వెండి నాణెం మీదికి యోజెఫ్ టిసో ఎక్కాడు. ఆయన దేశాధ్యక్షుడూ, క్యాథలిక్ మతగురువూ కూడా. యుద్ధం ముదిరేకొద్దీ లోహాలకు కరవొచ్చింది. కంచుతో చేసిన 20 హాలియర్ల నాణెం అల్యూమినియంలోకి దిగింది. 50 హాలియర్లదీ అదే దారి. అయిదు హాలియర్లకైతే జింకే గతి. అయినా 1944లో, అయిదేళ్ల పండగ పేరిట, టిసో బొమ్మతో 50 కొరునాల వెండి నాణెం తెచ్చారు. చిల్లరకి అల్యూమినియం, గొప్పకి వెండి!

అసలు దెబ్బ జర్మనీతో వ్యాపారంలో తగిలింది. పచారీ కొట్లో ఖాతా లాంటిదే ఆ ఏర్పాటు. స్లొవాక్ సరుకు జర్మనీకి వెళ్తుంది. జర్మనీ డబ్బివ్వదు, పద్దు రాస్తుంది. సరుకు పంపినవాళ్లకి బ్రాటిస్లావాలోని బ్యాంకు కొరునాల్లో చెల్లించాలి. అవతలివైపు నుంచి బదులు సరుకు సరిగా రాదు. బాకీ పెరిగింది, బ్యాంకు వదిలిన నోట్లూ పెరిగాయి, వాటితోపాటే ధరలూ. మార్కు మారకం విలువ మొదట పది కొరునాలుండేది, తర్వాత 11.62 అయింది.

ఈ కరెన్సీ చరిత్రలో మింగుడుపడని లెక్క ఒకటుంది. 1942లో యూదులను జర్మనీకి అప్పగిస్తూ, మనిషికి 500 మార్కుల చొప్పున తామే ఎదురు చెల్లిస్తామని టిసో ప్రభుత్వం ఒప్పుకుంది. అంటే తలకి 5,810 కొరునాలు. వాళ్లని తిరిగి పంపకూడదు, వాళ్ల ఆస్తి జర్మనీ అడగకూడదు. అదీ బేరం. ఆ ఏడాది మార్చి నుంచి అక్టోబరు దాకా దాదాపు 58,000 మందిని రైళ్లెక్కించారు. తిరిగొచ్చింది కొన్ని వందల మందే.

ఆ బ్యాంకు గవర్నరు ఇమ్రిఖ్ కర్వాష్. పదవిలోకి వచ్చేనాటికి 36 ఏళ్లు. ఆర్థికశాస్త్ర ఆచార్యుడు. టిసో ప్రభుత్వంలోనే ఉంటూ, తిరుగుబాటుకి సిద్ధమవుతున్నవాళ్లకి చేయందించాడు. రాజధానిలోని నోట్లలో కొంత బాన్‌స్కా బిస్ట్రిత్సా పట్టణానికి చేరేలా చూశాడు. ఆహార సరఫరా కూడా ఆయన చేతిలోనే ఉండటంతో నిల్వలనూ అటువైపే తరలించాడు. 1944 ఆగస్టు 29న తిరుగుబాటు మొదలైంది అక్కణ్నుంచే. రెండు నెలలకి జర్మన్లు దాన్ని అణచేశారు. కర్వాష్‌ని గెస్టాపో పట్టుకుని నిర్బంధ శిబిరానికి పంపింది. ప్రాణాలతో బయటపడ్డాడు గానీ, తర్వాత కమ్యూనిస్టుల పాలనలోనూ జైలు తప్పలేదు. నాజీలకూ కమ్యూనిస్టులకూ ఒకే మనిషి కంటగింపు కావడం ఆ రోజుల్లో అక్కడ వింతేమీ కాదు.

యుద్ధం ముగిశాక దేశం మళ్లీ ఒకటైంది. ముందు పెద్ద నోట్ల మీద స్టాంపులు అంటించారు. ఆపైన 1945 నవంబరు 1న స్లొవాక్ కొరునాతోపాటు చలామణీలో ఉన్న మిగతా కొరునాలన్నిటినీ రద్దు చేశారు. విలువ ఒకటికి ఒకటే. కాకపోతే మనిషికి 500 కొరునాలే కొత్త నోట్లుగా చేతికొచ్చాయి. మిగిలినదంతా బ్యాంకు ఖాతాల్లో బందీ. ఇవాళో రేపో ఇస్తారని జనం ఎనిమిదేళ్లు చూశారు. 1953 జూన్‌లో మరోసారి కరెన్సీ మార్చినప్పుడు ఆ ఖాతాలను మొత్తంగా కొట్టేశారు. యుద్ధకాలంలో దాచుకున్న సొమ్ము అలా పోయింది.

1993లో స్లొవేకియా మళ్లీ విడిపోయింది. ఫిబ్రవరి 8న మళ్లీ స్లొవాక్ కొరునా వచ్చింది. ఈసారీ మొదట్లో పాత చెకొస్లొవాక్ నోట్లకి స్టాంపులంటించే వాడుకున్నారు. పదహారేళ్లకి, 2009 జనవరి 1న, 30.1260 కొరునాలకి ఒక యూరో లెక్కన దానికీ వీడ్కోలు చెప్పారు. ఆ యూరో నాణేలూ క్రెమ్నిత్సాలోనే తయారయ్యాయి.