ఏదో ఒకటి ఇవ్వండి అనకండి

మన పత్రికకి ఏదైనా రాయమంటే ఎక్కువమంది వాన గురించో, హాస్టల్ మెస్ గురించో రాస్తారు. నాకు అంత బాగా రాయడం రాదు. అందుకే నాకు తెలిసిన ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. దాని పేరు యూఎస్‌బీ టు సీరియల్ అడాప్టర్. ప్రాజెక్టుకి సెన్సర్లు, మోటార్లు పది సైట్లు తిరిగి, రివ్యూలు చదివి ఎంచుకుంటాం. దీని దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి ఇవ్వండి" అనేస్తాం. కోఠి గుజరాతీ గల్లీలో నిలబడి ఈ మాట అన్నవాళ్లని చాలామందినే చూశాను.

ఫస్టియర్‌లో దీని అవసరం తెలీదు. ఆర్డుయినో ఊనోలో ఆ పని చేసే చిప్ బోర్డు మీదే ఉంటుంది. అసలు ఊనోలో ఏటీమెగా16యూ2, చవక క్లోన్లలో ఎక్కువగా సీహెచ్340. కేబుల్ పెడతాం, అప్‌లోడ్ నొక్కుతాం, అయిపోతుంది. ప్రో మినీకో, ఈఎస్‌పీ-01కో, మనమే టంకం పెట్టుకున్న ఏటీమెగా328 బోర్డుకో మారినప్పుడే విడిగా అడాప్టర్ కావాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మాట్లాడుతుంది, చిప్ సీరియల్ మాట్లాడుతుంది, మధ్యలో ఇది దుబాసీ. దుబాసీ తడబడితే తప్పు ఆ ఇద్దరిలో ఎవరో ఒకరిదే అనిపిస్తుంది తప్ప, దుబాసీ మీదికి మనసు పోదు.

పోయినేడాది మా డిపార్ట్‌మెంట్ థర్డ్ ఇయర్ తమ్ముడు ఒకడికి సరిగ్గా ఇదే జరిగింది. ప్రో మినీకి కోడ్ ఎక్కించబోతే ప్రతిసారీ "నాట్ ఇన్ సింక్" అని ఎర్రక్షరాలు. కోడ్ మార్చాడు. బోర్డు మార్చాడు. ఉబుంటు తీసేసి మళ్లీ ఎక్కించాడు. మూడు వారాల తర్వాత నా రూముకొచ్చి, "అన్నా, హార్డ్‌వేర్ నావల్ల కాదు, ఎంబెడెడ్ ఎలెక్టివ్ వదిలేశా" అన్నాడు. ఫారం అప్పటికే ఇచ్చేశాడు. అడాప్టర్ చూపించమన్నాను. ఆరు పిన్నులున్నాయి, ఒకదాని పక్కన ఆర్‌ఎస్‌టీ అని ఉంది. దాన్నే ప్రో మినీ రీసెట్ వైపు కలిపాడు. పేరు చూస్తే ఎవరైనా అలాగే కలుపుతారు కదా! కానీ అది అడాప్టర్ చిప్ సొంత రీసెట్. ప్రో మినీకి కావాల్సింది డీటీఆర్ అనే వేరే సిగ్నల్. అప్‌లోడ్ మొదలవగానే అది 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా వెళ్లి బోర్డుని రీసెట్ చేస్తే, బూట్‌లోడర్ లేచి కోడ్ అందుకుంటుంది. ఆ పిన్ను బయటికే తీయకపోతే వాడి కోడ్ ఎంత బాగున్నా బోర్డు దాకా చేరదు. స్క్రీన్ మీద అప్‌లోడింగ్ అని రాగానే ప్రో మినీ రీసెట్ బటన్ చేత్తో నొక్కమన్నాను. రెండోసారికి ఎల్‌ఈడీ వెలిగింది. ఫారం మాత్రం వెనక్కి రాలేదు.

అందుకే కొనేటప్పుడు ధర కంటే ముందు పిన్నులు చదవండి అంటాను. డీటీఆర్, ఆర్‌ఎక్స్, టీఎక్స్, వీసీసీ, సీటీఎస్, జీఎన్‌డీ అని వరసగా ఉన్న బోర్డు ప్రో మినీ లాంటివాటికి హాయి. ఈఎస్‌పీ-01కి మాత్రమే అయితే డీటీఆర్ లేకపోయినా నడిచిపోతుంది, దానికి జీపీఐఓ0ని గ్రౌండ్‌కి కలిపి ఆన్ చేయడం ఎలాగూ తప్పదు.

తర్వాత వోల్టేజి. ఇక్కడ తప్పితే బోర్డు పనిచేయకపోవడం కాదు, ఏకంగా కాలిపోతుంది. దుకాణంలో సీరియల్ కేబుల్ అని అడిగితే ఒక్కోసారి తొమ్మిది పిన్నుల కనెక్టర్ ఉన్నది ఇస్తారు. అది ఆర్‌ఎస్-232, 1960 నాటి ప్రమాణం. అందులో ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. మధ్యలో మ్యాక్స్232 లాంటి చిప్ లేకుండా దాన్ని మైక్రోకంట్రోలర్‌కి తగిలించకూడదు. మనకి కావాల్సింది టీటీఎల్ రకం. అందులోనూ 5 వోల్టులదా, 3.3దా అన్నది చూడాలి. ఈఎస్‌పీ8266 3.3 వోల్టుల చిప్. కొన్ని బోర్డుల మీద 3.3, 5 అని జంపర్ ఉంటుంది కానీ, అది పవర్ పిన్నుని మాత్రమే మార్చి సిగ్నల్‌ని 5 దగ్గరే వదిలేసే బోర్డులూ ఉన్నాయి. జంపర్‌ని నమ్మొద్దు, మల్టీమీటర్‌ని నమ్మండి. డేటా ఏమీ పోనప్పుడు టీఎక్స్ లైను పైస్థాయిలోనే ఉంటుంది కాబట్టి, అడాప్టర్‌ని ల్యాప్‌టాప్‌కి పెట్టి టీఎక్స్‌కీ గ్రౌండ్‌కీ మధ్య కొలిస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. అర నిమిషం పని.

అడాప్టర్ మీది 3.3 పిన్ను నుంచే ఈఎస్‌పీకి పవర్ కూడా ఇచ్చేద్దాం అనుకోకండి. ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ చిప్ లోపలి రెగ్యులేటర్ ఇవ్వగలిగేది 50 మిల్లీఆంపియర్లే. వైఫై పంపేటప్పుడు ఈఎస్‌పీ అంతకి ఎన్నో రెట్లు లాగుతుంది. వేరే రెగ్యులేటర్ పెట్టి, గ్రౌండ్‌లు మాత్రం కలపండి.

ఇక చిప్ ఏది అన్న చర్చ. ఎఫ్‌టీడీఐ వాళ్లదే మంచిది అని సీనియర్లు చెబుతారు. చిప్ మంచిదే. కానీ ఆ పేరుతో నకిలీలు ఎక్కువ. 2014 అక్టోబర్‌లో విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన ఆ కంపెనీ డ్రైవర్ నకిలీ చిప్‌ల ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసేసింది. దాంతో కంప్యూటర్లు వాటిని గుర్తించడమే మానేశాయి. గొడవయ్యాక డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. 2016లో వచ్చిన ఇంకో డ్రైవర్, అసలు డేటా బదులు ఇది అసలైన పరికరం కాదు అనే ఇంగ్లీషు వాక్యాన్ని పంపడం మొదలుపెట్టింది. కాపీ కొట్టడం తప్పే, కాదనను. కానీ దెబ్బ తగిలింది నకిలీ చేసినవాడికి కాదు, తెలియక కొన్నవాడికి. ఆ రోజుల్లో ఎవరి ప్రాజెక్టు డెమో మధ్యలో అలాంటి వాక్యం ప్రత్యక్షమైందో పాపం.

నన్నడిగితే, అసలైనదని ఖాయంగా తెలిసిన చోట కొనలేనప్పుడు ఎఫ్‌టీడీఐ పేరు కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. సీపీ2102 గానీ, సీహెచ్340 గానీ మన పనులకి సరిపోతాయి. లినక్స్ కెర్నెల్‌లో రెండింటికీ డ్రైవర్లున్నాయి. ఉబుంటు 22.04లో సీహెచ్340 పెట్టగానే పోర్టు మాయమైతే కంగారుపడకండి. అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్‌ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాం దాన్ని తనదనుకుని పట్టేసుకుంటుంది. దాన్ని తీసేస్తే పోర్టు తిరిగొస్తుంది. పోర్టు కనిపిస్తూనే అనుమతి లేదు అంటే, మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి ఒకసారి లాగౌట్ అవ్వండి. పీఎల్2303 పాత చిప్‌లని మాత్రం విండోస్ కొత్త డ్రైవర్లు ఒప్పుకోవు. ల్యాబ్ బీరువాలో దొరికింది కదా అని దాంతో మొదలుపెట్టకండి.

కొన్నాక మొదటి పని, ఏ బోర్డుకీ కలపకుండా అడాప్టర్ టీఎక్స్‌నీ ఆర్‌ఎక్స్‌నీ ఒక జంపర్ వైరుతో కలిపి, సీరియల్ మానిటర్‌లో మీ పేరు టైప్ చేసి పంపడం. అదే పేరు తిరిగొస్తే అడాప్టర్, డ్రైవర్, కేబుల్ మూడూ బాగున్నట్టే. రాకపోతే ముందు కేబుల్ మార్చండి. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు. మా రూములో అలాంటివి రెండున్నాయి, వాటికి ఎర్ర టేపు చుట్టి పెట్టాం.